గుట్టు వేరు, గోప్యత వేరు

ఈసారి మాకు చేరిన ఉత్తరాల్లో యువతీయువకుల మానసిక ఇబ్బందులకు సంబంధించినవే ఎక్కువ. రాసినవారి వయసు, చదువు, పేట వేర్వేరు అయినా దాదాపు ప్రతి ఉత్తరం చివరా ఒకే వాక్యం ఉంది: దయచేసి నా పేరు వేయవద్దు. వేయము. అయితే ఆ వాక్యం వెనుక రెండు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉన్నాయని ఉత్తరాలు చదువుతున్నప్పుడు నాకు అనిపించింది. నా సంగతి నా అనుమతి లేకుండా ఎవరికీ తెలియకూడదన్నది ఒకటి. అది రోగి హక్కు, దాన్ని గోప్యత అంటాం. అసలు ఈ ఇంట్లో ఇలాంటిది జరగనే లేదన్నట్టు ఉండాలన్నది రెండోది, అది గుట్టు. మొదటిదాన్ని వైద్యుడూ చట్టమూ కాపాడతాయి. రెండోది మాత్రం చికిత్సను నెలల తరబడి, కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి వెనక్కు నెడుతుంది. ఉత్తరాల్లోని వ్యక్తిగత వివరాలు తీసివేసి, అందరికీ పనికివచ్చే ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను మధురవాడ వైపు ఒక కళాశాలలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వయసు 20. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. నాలుగు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. సెమినార్ ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఒక్కోసారి ఊరికే బస్సులో కూర్చున్నప్పుడు కూడా, హఠాత్తుగా గుండె దడదడలాడి, ఊపిరి అందక, చచ్చిపోతానేమో అన్నంత భయం వేస్తోంది. ఈసీజీ తీయించుకుంటే బాగానే ఉందన్నారు. ఇప్పుడు నేను కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలా, సైకాలజిస్టు దగ్గరికా, సైకియాట్రిస్టు దగ్గరికా? ఇంట్లో తెలిస్తే మా నాన్నగారు చదువు మాన్పించి ఊరికి తీసుకుపోతారు. వారికి తెలియకుండా వైద్యం చేయించుకోవచ్చా? ఖర్చు ఎంత అవుతుంది? రేపు ఉద్యోగానికి ఇది అడ్డు వస్తుందా?
— ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: బాబూ, ఈసీజీ తీయించుకుని మంచి పని చేశారు. గుండెలో లోపం లేదని తేలాక కూడా అదే దడ మళ్లీ మళ్లీ వస్తోందంటే అది మీ కల్పన అని కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పారిపోవడానికో పోరాడడానికో సిద్ధమయ్యే ఏర్పాటు మనందరిలోనూ ఉంది; అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై గుండె వేగం పెరుగుతుంది, శ్వాస వేగమవుతుంది, అరచేతులు చెమట పడతాయి. ఎదుట ప్రమాదం ఏదీ లేకుండానే ఆ ఏర్పాటు మోగడం మొదలుపెడితే మీరు వర్ణించినట్టే ఉంటుంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. సాధారణంగా ఇది కొద్ది నిమిషాల్లో, చాలామందిలో పది నిమిషాలలోపే, శిఖరానికి చేరి తరువాత తనంతట తానే దిగిపోతుంది. దానివల్ల ప్రాణం పోదు. అయితే ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం వైద్యం అనిపించుకోదు కాబట్టి మీకున్నది ఇదేనని నేను చెప్పడం లేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే ఉంటుంది; ఆ రక్తపరీక్ష ఒకటి చేయించండి. హాస్టల్లో అర్ధరాత్రి దాటాక తాగే కాఫీలను, ఎనర్జీ డ్రింకులను ఈ నెల ఆపి చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నా దగ్గరికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులను నేను మొదట అడిగేది దీని గురించే.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నకు వద్దాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో ఎండీ గాని, డిప్లొమా గాని, డీఎన్‌బీ గాని చేసిన వైద్యుడు. మందులు రాసే అర్హత ఆయనకు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా, క్రమబద్ధమైన అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు, పరీక్షలు నిర్వహిస్తారు. వీరు సాధారణంగా ఎంఏ సైకాలజీ తరువాత రెండేళ్ల ఎంఫిల్ చేసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటారు. ఆ నమోదు సంఖ్య అడగడం మర్యాద తప్పడం కాదు. అర్హత ఉన్నవారు అడిగినందుకు నొచ్చుకోరు. ఇక కౌన్సెలర్ అన్న పేరు దగ్గరే జాగ్రత్త అవసరం. మంచి శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఉన్నారు, నాలుగు వారాంతాల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవారూ ఉన్నారు. బోర్డు చూసి ఇద్దరికీ తేడా చెప్పలేము. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, తమ వల్ల కాని కేసును ఎవరి దగ్గరికి పంపుతారు అన్న మూడు ప్రశ్నలు వేయండి. మూడోదానికి వెంటనే జవాబు చెప్పగలిగిన మనిషిని నమ్మవచ్చు.

నిద్ర దెబ్బతిని నాలుగు నెలలు గడిచింది కాబట్టి మీ విషయంలో ముందు సైకియాట్రిస్టును ఒకసారి కలవడమే మేలని నా అభిప్రాయం. వెళ్లిన ప్రతివారికీ మందు రాస్తారన్నది అపోహ. ఆందోళనకు సంబంధించిన ఇబ్బందుల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. వారానికి ఒకసారి, ముప్పావు గంట చొప్పున, కొన్ని వారాలపాటు సాగుతుంది. దడ వస్తుందని మీరు తప్పించుకుంటున్న చోట్లకే, అంటే సెమినార్‌కూ బస్సుకూ, మెల్లమెల్లగా తిరిగి అలవాటు చేయడం అందులో ఒక భాగం. తప్పించుకున్నకొద్దీ భయం బలపడుతుందన్నది దాని వెనుక ఉన్న సూత్రం.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలంటే, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మన నగరంలోనే ఉంది. అది ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధ బోధనాసుపత్రి. మానసిక వైద్యంలో పీజీ చేసే డాక్టర్లు అక్కడే శిక్షణ పొందుతారు. ఉదయం పూట వెళ్లి ఓపీ చీటీ రాయించుకుంటే చాలు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, చూసినందుకు రుసుము తీసుకోరు. ఈ పేరు వినగానే మీ ముఖం ఎలా మారిందో నేను ఊహించగలను. నేను చదువుకునే రోజుల్లో ఆ ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు ఒక వీధి ముందే ఆటో దిగి, అక్కడినుంచి నడిచి వచ్చేవి. ఆటో డ్రైవరుకు కూడా తెలియకూడదని. ఇప్పుడు అక్కడ ఓపీ వరుసలో నిలబడేవారిలో ఎక్కువమంది మీలాగే నిద్ర పట్టక, దిగులు తగ్గక, పరీక్షల భయంతో వచ్చి, మందో మాటో తీసుకుని ఆ పూటే ఇంటికి వెళ్లిపోయేవారు. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే నగరంలో ప్రైవేటు క్లినిక్కులకు, పెద్ద ఆసుపత్రుల్లో ఈ విభాగాలకు కొదవ లేదు. ఫీజు చోటునుబట్టి మారుతుంది గనుక ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎన్నిసార్లు రావలసి ఉంటుందన్నది కూడా మొదటి రోజే అడిగితే ఖర్చు మీ చేతిలో ఉంటుంది.

మీ నాన్నగారి సంగతి. మీకు 18 నిండాయి. మీ వైద్యానికి మీ సమ్మతి చాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, దాని 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యుడిపై ఉంటుంది. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, న్యాయస్థానం అడిగినప్పుడు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మీకు ఎప్పుడైనా నిర్ణయం తీసుకునే స్థితి లేకపోతే మీ తరఫున ఎవరు మాట్లాడాలో కూడా తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చే హక్కు అదే చట్టం మీకు ఇచ్చింది. ఆ మనిషి మీ అన్నయ్య కావచ్చు, మేనమామ కావచ్చు, స్నేహితుడైనా కావచ్చు. ఉద్యోగం గురించి మీ భయానికి కూడా ఆ చట్టంలోనే ఒక మాట ఉంది: గతంలో చికిత్స పొందారన్న ఒక్క కారణంతో ఇప్పుడు గాని, ఇకముందు గాని ఒకరిని మానసిక రోగి అని నిర్ధారించరాదు. బీమా కంపెనీలు శారీరక అనారోగ్యంతో సమానంగా మానసిక అనారోగ్యానికీ బీమా కల్పించాలని కూడా అందులో ఉంది. మీ కళాశాల తీసుకున్న గ్రూపు పాలసీ ఉంటే ఒకసారి చదవండి.

ఇంత చెప్పాక నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను, వినడం వినకపోవడం మీ ఇష్టం. మొదటిసారి ఒంటరిగా వెళ్లండి. కాని నెలలోపు ఇంట్లో ఎవరో ఒకరికి, నాన్నగారికి కాకపోతే అక్కకో బాబాయికో, చెప్పండి. పల్లెలో ఉన్న తండ్రులు చదువు మాన్పిస్తాననడం చాలాసార్లు బెదిరింపు కాదు, వారికి తెలిసిన ఒకే ఒక మందు అది. కొడుకును కళ్లెదుట పెట్టుకుంటే బాగవుతాడని అనుకుంటారు. డాక్టరు నోట ఒకసారి విన్నాక మెత్తబడ్డ తండ్రులను నేను చాలామందిని చూశాను.

ఈ వారమే వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ ముందు వింటారు; అవసరమనిపిస్తే మానసిక వైద్యుడికి కలుపుతారు.

ప్రశ్న: అమ్మా, మాది గాజువాక. మా బాబు వయసు 17. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించి, రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఉంచాము. పండగ సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లనంటున్నాడు. గది తలుపు వేసుకుని పగలంతా పడుకుంటాడు, స్నానం చేయమంటే విసుక్కుంటాడు, ఇష్టంగా ఆడే క్రికెట్ కూడా మానేశాడు. మా అత్తగారు గాలి సోకిందని ఒక పెద్దాయన దగ్గర తాయెత్తు కట్టించారు. మావారేమో వాడికి బద్ధకం ఎక్కువైంది, అంతేనంటారు. నాకు ఒక ఆడపిల్ల పెళ్లికి ఉంది. వీడిని మెంటల్ ఆసుపత్రికి తీసుకెళ్లారని నలుగురికీ తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయి. ఇంట్లోనే ఉంచి నయం చేసుకునే మార్గం చెప్పండి.
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, తాయెత్తు గొడవ ముందు వదిలేద్దాం. దాన్ని తీసేయమని మీ అత్తగారితో పోట్లాడకండి. అది బాబు చేతికి ఉన్నంత మాత్రాన వైద్యానికి అడ్డం రాదు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నా అడ్డం రాదు. పెద్దావిడ పని పెద్దావిడ చేశారు, ఇప్పుడు మనం చేయవలసింది మనం చేద్దామని చెప్పి బయలుదేరండి. నేను వారించేది ఒక్కటే: కొట్టడం, పస్తులుంచడం, పొగపెట్టడం, గొలుసుతో కట్టడం లాంటివాటికి ఎవరైనా పూనుకుంటే ఆ గడప తొక్కకండి.

బద్ధకానికీ కుంగుబాటుకూ తేడా ఎలా తెలుస్తుందని మీవారు అడిగితే, క్రికెట్ సంగతి చెప్పండి. బద్ధకస్తుడు చదువు ఎగ్గొట్టి ఆటకు పోతాడు. ఇష్టమైన ఆట కూడా చేదైపోయి, నిద్రా ఆకలీ మారిపోయి, ఆ స్థితి రెండు వారాలకు మించి రోజూ కొనసాగుతోందంటే డిప్రెషన్ ఉందేమో చూడవలసిందే. ఈ వయసులో అది ఎప్పుడూ ఏడుపు రూపంలోనే కనబడదు; విసుగు, కోపం, మొండితనం రూపంలోనూ కనబడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు. మానసిక రుగ్మతల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని, వాటిలో ఎక్కువ భాగం ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. వంద మంది ఉన్న కోచింగ్ హాలులో ఏడుగురన్నమాట. మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదిది.

ఈ వారంలో చేయవలసినవి చెబుతాను. బాబును ఒంటరిగా కూర్చోబెట్టి, చదువు మాట ఎత్తకుండా, ఏమవుతోందని అడగండి. బతకాలనిపించడం లేదా అని కూడా సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం చాలామంది తల్లులకు ఉంటుంది. అది నిజం కాదు, అడగడం వల్ల పిల్లవాడికి భారం దిగుతుంది. అవునని చెబితే కంగారుపడి శపథాలు చేయించకండి. ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, రాత్రి ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న మాత్రల డబ్బాలు, పురుగుమందుల వంటివి తాళంలో పెట్టండి. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉందని గాని, ఎవరో తనను వెంటాడుతున్నారని గాని అంటే కూడా ఆలస్యం చేయవద్దు. సైకోసిస్ అనే జబ్బు ఈ వయసులోనే తొలిసారి తొంగిచూస్తుంది, దానికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత బాగుంటుంది. దాని విషయంలో భూతవైద్యుల చుట్టూ తిరిగి పోగొట్టుకున్న ఏడాది మళ్లీ రాదు.

ఆసుపత్రి అంటే చేర్చుకోవడమే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. నూటికి తొంభై మందికి ఆ అవసరం రాదని నా అనుభవం. డాక్టరు మీతో కాసేపు, బాబుతో విడిగా కాసేపు మాట్లాడతారు; ఆ విడి మాటలు ఏమిటని బయటికొచ్చాక బాబును గుచ్చిగుచ్చి అడగకండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయిస్తారు. ఒకవేళ చేర్చుకోవలసి వచ్చినా, 18 నిండని పిల్లలను పెద్దల వార్డులో కాక విడిగా ఉంచాలని, తల్లిదండ్రుల్లో ఒకరో వారు నియమించినవారో ఎప్పుడూ తోడు ఉండాలని పైన చెప్పిన చట్టమే నిర్దేశిస్తోంది. గొలుసులు వేయడాన్ని అది పూర్తిగా నిషేధించింది.

కోచింగ్ సంస్థతో కూడా మీకు పని ఉంది. 2023 జూలైలో మన విశాఖలోనే నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో, ఆ అమ్మాయి తండ్రి చేసుకున్న అప్పీలుపై సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతోపాటు, జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని కనీసం ఒకరు ఉండాలి. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మీరు ప్రిన్సిపాల్‌ను కలిసి మీ కౌన్సెలర్ ఎవరు, మా బాబు ఆయనను ఎన్నిసార్లు కలిశాడు అని అడగండి. ఇది బతిమాలుకోవడం కాదు, అడిగే హక్కు మీకు ఉంది. ఈ ఏడాదికి వాడిని ఇంటినుంచే రోజూ పంపి చదివించాలా, అసలు ఆ పరీక్షే వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం వాడు తేరుకున్నాక, వాడినే కూర్చోబెట్టుకుని తీసుకోండి.

అమ్మాయి పెళ్లి గురించి. ఇంటి గుట్టు లంకకు చేటు అని మన పెద్దలు అన్న మాట మీ మనసులో ఉండి ఉంటుంది. చికిత్స పొంది మామూలుగా తిరిగే తమ్ముడి వల్ల సంబంధం తప్పిపోయే అవకాశం ఎక్కువా, చికిత్స లేక ముదిరిపోయిన తమ్ముడి వల్ల ఎక్కువా అన్నది ఒక్కసారి లెక్క వేయండి. మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. డాక్టరూ చెప్పరు.

ప్రశ్న: నా వయసు 22. డిప్రెషన్‌కు డాక్టరు గారు సెర్ట్రలిన్ రాశారు. పది రోజులైనా ఏ మార్పూ లేదు, పైగా కడుపులో వికారంగా ఉంటోంది. ఈ మందులు అలవాటైపోతాయని, జీవితాంతం మానలేమని స్నేహితురాలు అంటోంది. మానేయవచ్చా?
— ఒక యువతి, ఎంవీపీ కాలనీ

జవాబు: సొంతంగా మానేయకండి. ఈ వర్గం మందుల ప్రభావం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాల దాకా పడుతుంది; వికారం, తలనొప్పి వంటివి మాత్రం మొదటి వారంలోనే వచ్చి, చాలామందిలో రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. అంటే మొదట కష్టం, తరువాత ఫలం. ఆ మధ్య కాలంలోనే ఎక్కువమంది మందు ఆపేస్తారు. భోజనం తరువాత వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది. ఇవి మత్తుమందులవలె వ్యసనమయ్యేవి కావు, కాని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, బాగైన తరువాత సాధారణంగా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడిస్తారు; జీవితాంతం కాదు. మీ స్నేహితురాలు విన్నది బహుశా ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ వంటి మాత్రల గురించి అయి ఉంటుంది. అవి నిజంగానే అలవాటవుతాయి, మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

ఒక్క విషయంలో మాత్రం అప్రమత్తంగా ఉండండి. 25 ఏళ్లలోపువారిలో ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, కొందరికి స్థిమితం లేకపోవడం గాని, చనిపోవాలన్న ఆలోచనలు గాని పెరగవచ్చు. అలా అనిపిస్తే తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఒకరికైనా ఈ సంగతి తెలిసి ఉండటం అందుకే మంచిది.

ప్రశ్న: మేమిద్దరం డిగ్రీ రెండో సంవత్సరం. నా స్నేహితుడు కొన్నాళ్లుగా వాట్సాప్ స్టేటస్‌లో ఇక సెలవు అన్నట్టు పెడుతున్నాడు. మొన్న తన హెడ్‌ఫోన్స్, బైక్ తాళం నాకిచ్చి ఉంచుకోమన్నాడు. అడిగితే తనకు బతకాలని లేదని చెప్పి, ఎవరికైనా చెబితే మన స్నేహం ఇంతటితో సరి అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. మాట తప్పాలా? పోలీసు కేసు అవుతుందేమోనని కూడా భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే ఆలస్యం అయి ఉండవచ్చునన్న దిగులుతో, ఉత్తరంలో ఉన్న నంబరుకు మా కార్యాలయం నుంచి ఆ రోజే మీతో మాట్లాడించాము. అయినా ఇదే స్థితిలో ఉన్న మిగిలినవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, వీడ్కోలు మాటలు, అంతకాలం కుమిలిపోయి ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోవడం, ఇవి చూస్తూ ఊరుకోదగినవి కావు. ఆ పూటే అతని దగ్గరికి వెళ్లండి. నీతులు వద్దు, మీ అమ్మానాన్న ఏమైపోతారనే మాటా వద్దు. అతను ఇప్పటికే తనను తాను నిందించుకుంటున్నాడు. నాకు భయంగా ఉంది, నిన్ను ఒంటరిగా వదలను, ఇద్దరం కలిసి ఒకరితో మాట్లాడదాం అనండి. అతని పక్కనే కూర్చుని 14416కు మీరే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అతని చేతికి ఇవ్వండి. ఇంటి పెద్దల్లో అతను భయపడని ఒకరికి అతని ఎదుటే చెప్పండి. చాటుగా చెప్పడం కన్నా ఇది మేలు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఆలోచించవద్దు: 108కి గాని 112కి గాని ఫోన్ చేసి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో దగ్గరలో ఉన్న ఏ పెద్ద ఆసుపత్రికో తరలించండి. అక్కడ గుట్టు పాటించి వేరే కారణం చెబితే వైద్యం దారి తప్పుతుంది, జరిగింది జరిగినట్టు చెప్పండి.

పోలీసు కేసు భయం వల్ల ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లో ఉప్పునీళ్లు తాగించిన సంగతులు నాకు తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఆసుపత్రివారు నిబంధన ప్రకారం మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. అంతమాత్రాన అతన్ని నేరస్తుడిగా చూడరు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, విచారించి శిక్షించకూడదు, అతనికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. పాత భారత శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన 309వ సెక్షన్ కూడా 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ రూపంలో లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి నుంచి అడ్డుకోవడానికో, ఏదైనా చేయించడానికో ఆ ప్రయత్నం చేసినప్పుడు మాత్రమే అది నేరం.

మీ గురించి కూడా ఒక మాట. పందొమ్మిదేళ్ల వయసులో ఇంకొకరి ప్రాణాన్ని ఒంటరిగా మోయడం మీ పని కాదు. అతన్ని పెద్దల చేతికి, వైద్యుడి చేతికి అప్పగించాక మీకు నిద్ర పట్టకపోతే మీరూ అదే 14416కు మాట్లాడండి. కొన్నాళ్లు అతను మీతో మాట్లాడకపోవచ్చు. హెడ్‌ఫోన్స్, బైక్ తాళం మాత్రం మీ దగ్గరే ఉంచి, అతను అడిగిన రోజున తిరిగి ఇవ్వండి.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు, పదకొండో తరగతి. రోజూ ఏడుపు వస్తోంది. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది. నేను ఎవరితో, ఎలా మాట్లాడాలి?
— ఒక అమ్మాయి, కంచరపాలెం

జవాబు: తల్లీ, మొదట మీ కాలేజీలో ఒకరిని ఎంచుకోండి. కౌన్సెలర్ ఉంటే సరే, లేకపోతే మీరు నమ్మే లెక్చరర్ మేడం. ఆవిడతో అంతా చెప్పనక్కర్లేదు. నాకు చాలా రోజులుగా బాగాలేదు, డాక్టరుతో మాట్లాడాలి, మీ ఫోన్ ఇస్తారా అంటే సరిపోతుంది. మీ వార్డులో పనిచేసే ఏఎన్‌ఎం అనే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తతో కూడా మాట్లాడవచ్చు. 10 నుంచి 19 ఏళ్లవారి ఆరోగ్యం కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మీ వయసువారి కోసమే క్లినిక్కులు ఉన్నాయి. మానసిక ఆరోగ్యం దాని విషయాల్లో ఒకటి, మీకు దగ్గరలో ఏది ఉందో ఏఎన్‌ఎం చెబుతుంది. ఆ ఏడుపు వెనుక మిమ్మల్ని ఎవరైనా కొట్టడం గాని, తాకరానిచోట తాకడం గాని ఉంటే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల సహాయం కోసమే ఉన్న ఉచిత నంబరు, ఏ ఫోన్ నుంచైనా కలుస్తుంది.

అమ్మ ఫోన్ నుంచే 14416కు చేస్తే ఆ నంబరు కాల్ జాబితాలో కనిపిస్తుంది. చెరిపేయడం నేర్పించను. అమ్మ అడిగితే, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదమ్మా, అందుకే చేశాను అని చెప్పండి. అది అబద్ధం కాదు, మాట మొదలుపెట్టడానికి అంత చాలు.